జొన్నచేలో పేరు చెప్పలేని పిట్ట

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. నారాయణఖేడ్ వైపు మా మేనమామ జొన్నచేనులో మంచె ఎక్కి కూర్చున్నాను. యాసంగి జొన్న, కంకి పాలు పోసుకునే దశ. మామ చేతిలో వడిసెల, నా చేతిలో బైనాక్యులర్స్. ఇద్దరం ఎదురుచూసేది ఒకే గుంపు కోసం. ఆయనకు అవి చేను విడిచి పోవాలి, నాకు కాసేపైనా నిలవాలి.

పొద్దెక్కే వేళకు వచ్చాయి. గట్టు మీది తుమ్మచెట్టు నిండా పసుపు ముద్దలు పెట్టినట్టయింది. ఒక్కొక్కటే కంకి మీదికి దిగడం మొదలుపెట్టింది. దిగిన పిట్ట బరువుకు కంకి ఊగుతుంది, పిట్ట రెండు కాళ్లతో బిగించి పట్టుకుని గింజను ముక్కుతో నొక్కుతుంది, పాలు పీల్చి పొట్టు వదిలేస్తుంది.

"గవేం పిట్టలు బిడ్డా?" అన్నాడు మామ.

"బంటింగ్‌లు మామా. రెండు తీర్లున్నయి."

"ఏది ఏదో చెప్పు మరి."

చెప్పాను. బంటింగ్ అంటే గింజలు తినే చిన్నపిట్ట. తల నల్లగా, గొంతు నుంచి పొట్ట దాకా నిండు పసుపు, వీపు కావి రంగులో ఉన్నది నల్లతల బంటింగ్. తల, గొంతు, రొమ్ము ఇటుకపొడి రాసినట్టు ఉండి కింద పసుపు ఉన్నది ఎర్రతల బంటింగ్. మామకు రెండు నిమిషాల్లో పట్టుబడింది. తానే వేలు పెట్టి "గది నల్లది, గది ఎర్రది" అని లెక్క మొదలుపెట్టాడు. అంతలో మా ముందు కంకి మీద ఒకటి వాలింది. మట్టి రంగు వీపు, లేత పసుపు పొట్ట, తల మీద ఏ గుర్తూ లేదు.

"మరి గిది?"

"ఆడపిట్ట మామా."

"ఏ దాని ఆడది?"

పన్నెండేళ్లుగా పక్షులు చూస్తున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చేనులో దిగిన గుంపులో సగానికి పైగా అలాంటివే ఉన్నాయి: ఆడవి, పోయిన వేసవిలో పుట్టిన పిల్లలు. అంటే నేను మామకు గొప్పగా చెప్పిన తేడా ఆ గుంపులో సగానికే వర్తిస్తుంది. మిగతా సగం గురించి రాయాలని అప్పటినుంచి అనుకుంటున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఇవి రెండు జాతులే, ఒకటి కాదు. అయినా మన జొన్నచేలో వాలిన ఆడపిట్టకు బలవంతంగా ఒక జాతి పేరు తగిలించడం తప్పు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. పొసగుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదట తలల సంగతి. నల్లతల బంటింగ్‌ను శాస్త్రలోకానికి పరిచయం చేసింది స్కోపోలి అనే ప్రకృతి శాస్త్రవేత్త, 1769లో. ఎంబెరిజా మెలనోసెఫాలా అని పేరు పెట్టాడు. గ్రీకులో మెలాస్ అంటే నలుపు, కెఫాలే అంటే తల. ఎర్రతల దానికి బ్రాంట్ అనే మరో శాస్త్రవేత్త 1841లో ఎంబెరిజా బ్రూనిసెప్స్ అని పెట్టాడు. బ్రూనిసెప్స్ అంటే గోధుమరంగు తలది. ఇంగ్లీషువాళ్లు దాన్నే ఎర్రతలది అన్నారు. నా కంటికి అది గోధుమరంగూ కాదు, ఎరుపూ కాదు. కాచు కలిపిన సున్నం రంగు. ఎవరు ఏ రంగు అన్నా పేర్లన్నీ మగవాటి తలల మీద పెట్టినవే. ఆడపిట్ట తలలో నలుపూ లేదు, ఎరుపూ లేదు. ఏ పేరూ ఆమెను చూసి పెట్టింది కాదు.

ఉత్తరాదిలో వీటిని వెనకటికి గండమ్ అనేవారు. ఫారసీలో గందుమ్ అంటే గోధుమ. గోధుమ చేలల్లో గుంపులుగా కనపడే పిట్టకు ఆ పేరు రావడం సహజమే. మా అమ్మ వాళ్ల ఊళ్లో పచ్చపిట్టలు అంటారు, అంతే. ఆ పేరు మగదానికీ ఆడదానికీ సరిపోతుంది, నల్లతలకూ ఎర్రతలకూ సరిపోతుంది. దాని గొప్పతనం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆడవాటిని వేరు చేసే గుర్తులు అసలు లేవని కాదు. ఉన్నాయి. నల్లతల ఆడదానికి వీపు కిందిభాగంలో, తోక మొదట్లో కొంచెం కావి ఛాయ ఉంటుంది. ఎర్రతల ఆడదానికి అక్కడ పసుపు కలిసిన ఆకుపచ్చ ఛాయ. నల్లతల దాని ముక్కు కాస్త పొడవు, ఎర్రతల దానిది కాస్త పొట్టి, బొద్దు. మడిచిన రెక్క మీద బయటికి పొడుచుకు వచ్చే ఈకల కొసలు నల్లతల దానికి కొంచెం ఎక్కువ పొడవు. చెంప మీది రంగుకూ గొంతు తెలుపుకూ మధ్య గీత నల్లతల ఆడదానిలో కాస్త స్పష్టంగా కనపడవచ్చు. ఈ ఐదు వాక్యాల్లో "కాస్త", "కొంచెం" ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. పక్షిని చేతిలో పట్టుకుని, పక్కన రెండోదాన్ని పెట్టుకుని, స్కేలుతో కొలిచేవారికి ఇవి పనికొస్తాయి. నలభై గజాల దూరంలో ఊగే కంకి మీద, ఎండ ముఖం మీద కొడుతుంటే, కావి ఛాయ ఏదో ఆకుపచ్చ ఛాయ ఏదో చెప్పడం వేరే పని.

పైగా ఈకలు ఒకే తీరుగా ఉండవు. చాలా చిన్నపిట్టలు గూడు కట్టుకున్న చోటే, ప్రయాణానికి ముందే ఈకలు మార్చుకుంటాయి. ఈ రెండు బంటింగ్‌లూ అలా కాదు. వేసవి ఎండకు, ముళ్లకంపకు అరిగిపోయిన ఈకలతోనే బయలుదేరి, మన దేశం చేరాక మార్చుకుంటాయి. కాబట్టి అక్టోబరులో వచ్చిన ఆడపిట్ట రంగు వెలిసిపోయి ఉంటుంది, జనవరిలో అదే పిట్ట కొత్త ఈకలతో వేరే పిట్టలా కనపడుతుంది. మగవాటి తలకూ ఇదే వరస. కొత్తగా వచ్చిన నల్ల ఈకలకు లేత అంచులుంటాయి, దుమ్ము పట్టిన టోపీలా ఉంటుంది. మార్చి వచ్చేసరికి ఆ అంచులు అరిగి లోపలి నలుపు బయటపడుతుంది. మగపిట్ట కొత్తగా రంగు వేసుకోదు. ఉన్నదాని మీది పొర అరిగిపోతుంది, అంతే. ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్న రోజు సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

మన దక్కనులో చలికాలం గడిపే మరో బంటింగ్ బూడిదమెడది. అది ఎగిరితే తోక అంచున తెల్ల ఈకలు మెరుస్తాయి. ఈ రెండింటికీ ఆ తెలుపు లేదు. కాబట్టి "ఇది ఈ జంటలోదే" అని ఆడపిట్టను చూసి కూడా ధైర్యంగా చెప్పవచ్చు. అక్కడిదాకా మన కన్ను నమ్మదగిందే. ఆ తరవాతే చిక్కు.

ఈ చిక్కు పక్షులు చూసేవాళ్ల మధ్య చిన్న గొడవ కాదు. చూసిన పక్షుల లెక్క అందరూ ఎక్కించే వెబ్‌సైట్ ఒకటుంది, ఈబర్డ్. ఈబర్డ్‌లో లెక్క ఎక్కించేటప్పుడు "నల్లతల లేదా ఎర్రతల బంటింగ్" అనే గీత పేరు, అంటే మధ్యలో గీత పెట్టి రెండు పేర్లూ కలిపి రాసేది, ఒకటి ఉంటుంది. నేను ఆడపిట్టలన్నిటినీ అందులో వేస్తాను. ఒకసారి మా గుంపులో ఒకాయన, నాకన్నా బాగా అనుభవం ఉన్నవారు, అందరి ముందూ "గీత పెట్టడమంటే చదవకుండా పరీక్షకు వచ్చి పేపరు ఖాళీగా ఇవ్వడమే" అన్నారు. ఆ రోజు నాకు చాలా బాధగా అనిపించింది. టెన్షన్‌తో ఇంటికి వచ్చి పాత ఫోటోలన్నీ తిరగేశాను. మూడు రాత్రులు కూర్చుని ముక్కులు కొలిచాను, రెక్కలు కొలిచాను. ఎనభై చిల్లర ఫోటోల్లో నేను ఒట్టు పెట్టి పేరు చెప్పగలిగిన ఆడపిట్టలు పదకొండు. మిగతావి మళ్లీ గీత కిందికే వెళ్లాయి. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే నేను బాధపడను. ఖాళీ పేపరు వేరు, "ఈ రెండింటిలో ఒకటి, ఏదో ఈ చూపుకు తేలదు" అని రాయడం వేరు. రెండోది కూడా జవాబే. గుంపులో మగవి ఎక్కువగా నల్లతలవి కాబట్టి ఆడవీ అవే అయి ఉంటాయని రాసేయడం ఉందే, అది నాకు అసలు భయం కలిగించే అలవాటు. ఆడవీ మగవీ ఒకే గుంపులో వచ్చాయని ఎవరు చెప్పారు? రెండు జాతులూ కలిసే మేస్తాయి, కలిసే ముళ్లచెట్ల మీద రాత్రి గడుపుతాయి.

అయితే తేడా పట్టలేనప్పుడు రెండు జాతులెందుకు, ఒకటే అనుకోవచ్చు కదా? ఒకప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. మనసు మార్చుకోవడానికి కారణం కాస్పియన్ సముద్రం దగ్గర ఉంది.

నల్లతల బంటింగ్ గూళ్లు ఇటలీ, బాల్కన్ దేశాలు, గ్రీసు, టర్కీ నుంచి కాకసస్ మీదుగా ఇరాన్ దాకా. ద్రాక్షతోటల గట్లు, ఆలివ్ తోటలు, పొదలున్న పొలాలు దానికి ఇష్టం. ఎర్రతల దాని గూళ్లు అక్కడినుంచి తూర్పుగా: తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, అఫ్గానిస్తాన్, పశ్చిమ చైనా అంచుల దాకా. గడ్డిమైదానం, ఎడారి అంచు పొదలు, వాగుల పక్క తుప్పలు. యూరప్‌లో వేసవి గడిపే పిట్టల్లో చాలావరకు చలికాలం ఆఫ్రికాకు పోతాయి. నల్లతల బంటింగ్ వాటికి వ్యతిరేక దిశలో తూర్పుకు తిరిగి మన దేశం వస్తుంది. గ్రీసు నుంచి దక్కనుకు నేరుగా గీత గీసినా ఐదు వేల కిలోమీటర్లు దాటుతుంది. వేసవిలో ఒకటి ద్రాక్షతోటలో, ఒకటి ఎడారి అంచున ఉన్న పిట్టలు చలికాలంలో మా మామ చేనులో ఒకే కంకికి కొట్టుకుంటాయి.

ఈ రెండింటి వేసవి హద్దులు కలిసే చోటు ఉత్తర ఇరాన్, కాస్పియన్‌కు ఆగ్నేయంగా. అక్కడ ఇవి జతకడతాయి, పిల్లలను కంటాయి. ఆ పిల్లల్లో కొన్ని మగవాటి తల నలుపూ కాదు ఎరుపూ కాదు, రెండూ కలిసిన మచ్చలు. యుర్గెన్ హాఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇరాన్‌లో ఇలా హద్దులు కలిసే పక్షుల మీద 1977లో వివరంగా రాశాడు. హాఫర్ కథ నాకు చాలా ఇష్టం. ఆయన ఉద్యోగం పక్షులు కాదు, చమురు కోసం నేలను చదివే భూగర్భశాస్త్రం. కొలంబియాలో పనిచేస్తూ అమెజాన్ పక్షులను చూశాడు. వాతావరణం ఎండిపోయిన కాలాల్లో అడవి ముక్కలై, ఒక్కో ముక్కలో ఒక్కో జాతి వేరుపడి ఉంటుందని 1969లో ఒక సిద్ధాంతం చెప్పాడు. దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. ఇరాన్‌లోనూ ఆయన చూసింది అదే కన్నుతో. ఒకప్పుడు ఒకటిగా ఉన్న పిట్టలు ఎక్కడో విడిపోయి, వేరువేరుగా మారి, మళ్లీ కలిసినప్పుడు ఏం జరుగుతుంది?

ఇక్కడ జరిగింది ఇది. కలిశాయి, కానీ కరిగిపోలేదు. కలిసే పట్టీకి పడమరగా పోతే నల్లతలలే, తూర్పుగా పోతే ఎర్రతలలే. రెండూ ఒకటే అయితే ఇన్ని తరాల్లో ఆ మచ్చల తలలు రెండు వైపులా పాకాలి, టర్కీలో ఎర్ర మచ్చలు, కజకిస్తాన్‌లో నల్ల మచ్చలు మామూలైపోవాలి. అలా కాలేదు. రెండు పక్షుల పాటలు చాలా దగ్గరగా ఉంటాయి. చెవితో వేరు చేయడం మనకు కష్టం. మనకు కష్టమైన తేడాను అక్కడ ఎవరో పట్టుకుంటున్నారు. నేను అనుకునేది, ఆ పట్టుకునేది ఆడపిట్టే. పొద మీద కూర్చుని పాడే మగవాణ్ని చూసి, విని, వీడు నావాడు, వీడు కాడు అని తేల్చేది ఆమే. మనకు పేరు తెలియని ఆ మట్టిరంగు పిట్టకు తన పేరు తెలుసు.

ఇదే కుటుంబంలో మరో జంట ఉంది, యెల్లోహామర్, పైన్ బంటింగ్. ఒకదాని తల పసుపు, ఇంకోదాని తల తెలుపు, కావి. పశ్చిమ సైబీరియాలో విపరీతంగా కలుస్తాయి. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి చూస్తే రెండింటికీ దాదాపు తేడా లేదని 2009లో తేలింది. కేంద్రకంలోని డీఎన్ఏ మాత్రం వేరుగానే ఉంది. ఒకే పక్షిలో ఒక సాక్ష్యం "ఒకటే" అంటుంది, మరో సాక్ష్యం "రెండు" అంటుంది. అలాంటప్పుడు ఏదో ఒక్క సాక్ష్యం పట్టుకుని తీర్పు చెప్పడం తొందరపాటని నాకు అప్పుడే అనిపించింది. తలరంగు ఒక్కటే పట్టుకున్నా అదే తొందరపాటు.

మన దేశంలో ఈ పిట్టల మీద జరిగిన పని గురించి తెలుగువాళ్లకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. వారణాసి, మీరట్, లక్నో ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా ఈ రెండు బంటింగ్‌లను పెట్టుకుని ఒకే ప్రశ్న అడిగారు: తిరిగి పోయే కాలం వచ్చిందని పిట్టకు ఎలా తెలుస్తుంది? గదిలో దీపాలతో పగటిపొడవు పెంచారు. చలికాలం అయినా సరే, పగలు పొడవైతే పిట్ట విపరీతంగా తిని ఒళ్లంతా కొవ్వు పట్టించుకుంటుంది. మగపిట్టకు వృషణాలు పెరుగుతాయి. రాత్రుళ్లు నిద్రపోకుండా పంజరంలో రెక్కలు ఆడిస్తూ గెంతుతుంది. పగలు పొట్టిగానే ఉంచితే ఇవేమీ జరగవు. అంటే ఎండ వేడి కన్నా, తిండి కన్నా ముందు వెలుతురు పొడవే దాని క్యాలెండరు. నల్లతలకూ ఎర్రతలకూ అంతే. గమ్యాలు వేరైనా గడియారం ఒకటే తీరుది. ఆ పరిశోధన ఎక్కువగా మగవాటి మీదే నడిచింది. మగదాని తల చూస్తే జాతి తెలిసిపోతుంది, వృషణం కొలిస్తే ఫలితం తెలిసిపోతుంది. ఎందుకలా చేశారో నాకు అర్థమవుతుంది. అయినా అక్కడ కూడా ఆడపిట్ట వెనక వరసలోనే కూర్చుంది.

పేరు తప్పైతే ఏమవుతుంది అని అడిగేవారికి బ్రిటన్ సంగతి చెబుతాను. నల్లతల బంటింగ్ దారి తప్పి అప్పుడప్పుడు బ్రిటన్ తీరంలో కనపడుతుంది. కనపడితే అక్కడివాళ్లకు పండగే, దూరం నుంచి వచ్చిన అడవి అతిథి అని జాబితాలో రాసుకుంటారు. ఎర్రతల బంటింగ్ కనపడితే మాత్రం మొహం తిప్పుకునేవారు. కారణం, గత శతాబ్దంలో మన దేశం నుంచి ఎర్రతల బంటింగ్‌లను పంజరం పిట్టలుగా పెద్ద ఎత్తున ఎగుమతి చేశారు. అక్కడ కనపడినదల్లా పంజరం తప్పించుకున్నదే అని లెక్క. కాబట్టి చాలాకాలం దానికి ఆ దేశపు అడవి పక్షుల జాబితాలో చోటు లేదు. మన చేలల్లో వల వేసి పట్టి ఓడల్లో, విమానాల్లో పంపిన పిట్ట, అక్కడ నిజంగా రెక్కలతో ఎగిరి వచ్చిన తన జాతి పిట్ట మీద కూడా అనుమానం మిగిల్చింది. 1990-91లో మన ప్రభుత్వం అడవి పక్షుల వ్యాపారం మొత్తం ఆపింది. మంచి పని. ఇప్పుడు బ్రిటన్ తీరంలో పేరు తేలని ఆడపిట్ట ఒకటి వాలిందనుకోండి. ముక్కు పొడవులో అర మిల్లీమీటరు తేడాతో ఆమె అతిథి కావాలో పారిపోయిన ఖైదీ కావాలో తేలుతుంది. అంత బరువు మోసే మాటను ఊహతో రాయవచ్చా?

ఎక్కువగా ఉన్నవే కదా, లెక్క ఒకటీ అరా తప్పితే ఏమైంది అనే మాట కూడా వింటుంటాను. బంటింగ్‌ల విషయంలో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. వీటి బంధువు పసుపురొమ్ము బంటింగ్ ఒకప్పుడు ఫిన్లాండ్ నుంచి జపాన్ దాకా కోట్లలో ఉండేది. దాన్ని చైనాలో వలలతో పట్టి తిన్నారు. 1980కీ 2013కీ మధ్య దాని సంఖ్య 84 నుంచి 95 శాతం దాకా పడిపోయింది. 2004 దాకా ఏ ప్రమాదమూ లేని పక్షి అని రాసినదాన్ని 2017లో అంతరించిపోయే అంచున ఉన్న జాబితాలో పెట్టారు. పదమూడేళ్లు! గుంపు పెద్దది కాబట్టి తరిగిపోతున్నట్టు కంటికి ఆనలేదు.

నల్లతల, ఎర్రతల రెండూ ఇప్పటికి క్షేమంగానే ఉన్నాయి. నాకున్న దిగులు వాటి వేసవి గురించి కాదు, మన చలికాలం గురించి. 1970ల మొదట్లో దేశంలో జొన్న సుమారు 1 కోటి 70 లక్షల హెక్టార్లలో పండేది. ఇప్పుడు 40 లక్షల చుట్టుపక్కలకు వచ్చింది. మా మామ చిన్నప్పుడు ఊరంతా జొన్నే. రొట్టె జొన్నది, గటక జొన్నది, ఎద్దుకు సొప్ప జొన్నది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక రొట్టె తినే ఇళ్లు తగ్గాయి. తరవాత పత్తి, సోయా, చెరకు. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక సొప్పతోనూ పని తగ్గింది. ఇవన్నీ అందరికీ తెలిసిన కారణాలే. మామ చెప్పేదాకా నాకు తోచని కారణం ఒకటుంది.

"అప్పుడు ఊర్ల యాభై చేన్లుండె. పిట్ట అన్నిట్ల తలింత తినేది, మనకు తెల్వకపోయేది. ఇప్పుడు మూడే చేన్లు. ఊరి పిట్టలన్నీ గీ మూడింటి మీదనే. పోయినేడు గా బుగ్గప్ప మామ చేను సగం పిట్టలే తిన్నయి. గీ ఏడు ఆయన పత్తి ఏసిండు."

ఇక మిగిలినవి రెండు చేలు. మూడు చేల పిట్టలు రెండింటి మీద పడ్డాయి. పిట్టల సంఖ్య పెరగలేదు, చేలు తగ్గాయి. రైతు కంటికి మాత్రం పిట్టలు పెరిగినట్టే కనపడుతుంది, తన అన్నం పోతుంటే ఆయనకు వాటి మీద కోపం రావడం న్యాయమే. ఒక్కో రైతు జొన్న మానేసినప్పుడల్లా పక్క రైతు మానేయడానికి కారణం ఇంకొంచెం బలపడుతుంది. మామ రోజంతా మంచె మీద ఉండాలి. కూలికి మనిషి దొరకడు. పిల్లలు హైదరాబాదులో. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరమని జరుపుకున్నాం, నగరంలో జొన్న బిస్కెట్లు వచ్చాయి. మంచె మీద కూర్చునే మనిషి సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఊరి రైతులు ఒక పది మంది కలిసి పక్కపక్క చేలల్లో, ఒకే వారంలో జొన్న విత్తితే కంకులన్నీ ఒకేసారి పాలు పోసుకుంటాయి, ఒకేసారి గట్టిపడతాయి. నష్టం పది చేల మీద పంచుకుపోతుంది, కాపలా వంతులవారీగా చేసుకోవచ్చు. అలా విత్తినవారికి కొనుగోలు భరోసా ఉంటే జొన్నా నిలుస్తుంది, పిట్టా నిలుస్తుంది. ఇది పక్షి ప్రేమికుల కోరిక అని ఎవరూ తీసిపారేయనక్కర్లేదు. మామకు కావలసిందీ ఇదే.

ఇక్కడే నా లెక్కకు పని ఉంది. ముందు ముందు ఎవరైనా "దక్కనులో ఎర్రతలలు తగ్గాయా? నల్లతలలు తగ్గాయా?" అని అడిగితే వాళ్లకు దొరికేవి మనం ఈ రోజు రాసిన అంకెలే. తగ్గింది ఎర్రతల అయితే కారణం కజకిస్తాన్ గడ్డిమైదానంలో వెతకాలి. నల్లతల అయితే టర్కీ, గ్రీసు పొలాల్లో. రెండూ ఒక్కలాగే తగ్గితే మన జొన్నచేలల్లో. మూడు వేరువేరు చోట్లు, మూడు వేరువేరు మందులు. అందుకే అవి రెండు జాతులని గుర్తుంచుకోవాలి. అందుకే తెలియని ఆడపిట్టను ఊహతో ఒక గంపలో వేయకూడదు. మగవాటిని తలచూసి విడివిడిగా లెక్కపెట్టి, తేలనివాటిని తేలనివిగా రాస్తే ఆ లెక్క మీద రేపటి మనిషి నిలబడగలడు. ఊహ కలిస్తే ఏది చూసింది, ఏది అనుకున్నది అని విడదీయడానికి అప్పుడు దారి ఉండదు.

ఆ సాయంత్రం గుంపు చివరిసారి మేసి తుమ్మచెట్టు మీదికి చేరేటప్పుడు మూడుసార్లు లెక్కపెట్టాను. నల్లతల మగవి 34. ఎర్రతల మగవి 9. ఈ రెండింటిలో ఒకటి, తేలనివి 71. నా పుస్తకం వైపు తొంగి చూసి మామ అడిగాడు, "అన్నిట్లకంటే గదే ఎక్కువుందేంది?"

"ఆడవి, పిల్లలు మామా. వాటి పేరు నాకు తేలలేదు."

"తేలకపోతే ఏంది, లెక్కలకైతే వచ్చినయి గద," అని వడిసెల చుట్టి నడుముకు దోపుకున్నాడు.

మార్చిలో మళ్లీ వెళ్లాను. కోత అయిపోయింది. దిగుబడి అనుకున్నంత రాలేదు. కొయ్యకాళ్ల మధ్య రాలిన గింజలు ఏరుకుంటూ ఇంకో గుంపు ఉంది. మగవాటి తలలు నిగనిగలాడుతున్నాయి, పగలు పొడవైంది, ఇంకో నెలలో లేచిపోతాయి. వచ్చే యాసంగికి జొన్న వేయాలా, బుగ్గప్ప మామ లాగా పత్తికి పోవాలా అని మామ ఇంకా తేల్చుకోలేదు. విత్తనానికని ఏరిన కంకులు మాత్రం కట్టగట్టి దూలానికి వేలాడదీశాడు.